కానుక కుండలో ఇసుక

నా చిన్నప్పుడు, వానలు వెనకబట్టి ఆకాశం తేటపడిన ఒక శరత్కాలంలో, దేవుడికని దాచిన బియ్యంలో నేను ఇసుక పోశాను. తెలియక చేసిన పని కాదు. రోజూ, తెలిసి, చాటుగా చేశాను. దానివల్ల మా నాయనమ్మ పోగొట్టుకున్నదేమిటో నాకు ఆలస్యంగా తెలిసింది. ఈ సంగతి ఎవరికి చెప్పినా నన్ను నేను కాస్త మంచివాణ్ణి చేసుకునే చెప్పాను. ఈసారి అలా కాకుండా రాయాలని ఉంది.

మేం సికింద్రాబాదులో, సీతాఫల్‌మండి దగ్గర ఒక పెంకుటింట్లో ఉండేవాళ్ళం. మాది కృష్ణా జిల్లా. నాన్నకు రైల్వేలో గుమాస్తా ఉద్యోగం దొరికితే ఆయన వెంట నాయనమ్మ కూడా వచ్చేసింది. రజాకార్ల భయం ముదిరిన ఆ యేడు, మా చర్చిలోని చాలామంది ఆడవాళ్ళనూ పిల్లలనూ బెజవాడ వైపు పంపేశారు. మా అమ్మ చంకలో చెల్లిని వేసుకుని ఏలూరులో పుట్టింటికి వెళ్ళింది. నాకప్పుడే విషజ్వరం తగ్గింది. ప్రయాణానికి తట్టుకోలేనని నన్ను ఉంచేశారు. కాస్త కోలుకోగానే నాన్న తీసుకొస్తాడని చెప్పి, అమ్మ నా నుదుటి మీద ముద్దు పెట్టుకుని రైలెక్కింది. ఆ తర్వాత రైళ్ళు నడవడం మానేశాయి.

ఒంటరితనం అంటే ఏమిటో నాకు ఆ రోజుల్లోనే తెలిసింది. బడి మూసేశారు. నాతో గోళీలాడే పిల్లలున్న ఇళ్ళకు తాళాలు వేలాడుతున్నాయి. నాన్న స్టేషన్లోనే ఉండిపోయేవాడు, వచ్చినా స్నానం చేసి నిద్రపోయేవాడు. నేను అరుగు మీద కూర్చుని అమ్మ చీరల పెట్టె వాసనను గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించేవాణ్ణి. ఒక్కోరోజు గుర్తొచ్చేది, ఒక్కోరోజు ఎంత ప్రయత్నించినా వచ్చేది కాదు. రానినాడు అమ్మ ఇంకాస్త దూరం వెళ్ళిపోయినట్టుండేది.

మా ఇళ్ళలో ఒక ఆచారం ఉండేది. ఇప్పటికీ కొందరి ఇళ్ళలో ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టాక, వండడానికి కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేస్తారు. అది దేవుడి బియ్యం. అది తినడానికి లేనివాళ్ళకు చేరుతుంది. మా ఇంట్లో ఆ గుప్పెడు తీసే పని అమ్మది. ఆమె వెళ్ళాక నాయనమ్మ దాన్ని నాకు అప్పగించింది.

దానికి ఆమె పెట్టిన షరతు ఒకటుంది. గుప్పెడు వేస్తూ దేనికో ఒకదానికి కృతజ్ఞత చెప్పాలి. తిండి పెట్టావు, బట్ట ఇచ్చావు అని బట్టీ పట్టిన మాటలు చెబితే ఒప్పుకునేది కాదు. ఆ రోజు స్వయంగా గమనించినదే చెప్పాలి. నిన్నటిది చెబితే, "అది పాచిదిరా, ఇవాళ్టిది చెప్పు" అనేది. ఆమె చెప్పేవి నాకు వింతగా ఉండేవి. పొద్దున జల్లు పడుతున్నా చూరు మీద పిచ్చుకలు నోరు మూసుకోలేదు అనేది. పక్కింటివాళ్ళు ఆవాలు వేయించిన వాసన మన దాకా వచ్చింది అనేది. కుండలో నీళ్ళు నిన్నటికంటే చల్లగా ఉన్నాయి, చలికాలం వస్తోంది, దానికి స్తోత్రం అనేది. ఇలాంటివాటికి కూడా కృతజ్ఞత చెబుతారా అనుకునేవాణ్ణి.

ఆ సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. విమానాల మోత విని మేం మంచం కింద దూరాం. కొన్నాళ్ళకే అంతా సద్దుమణిగిందన్నారు. భారత సైన్యం బండ్లు సికింద్రాబాదు రోడ్ల మీద వెళుతుంటే జనం వరసగా నిలబడి చూశారు. కొందరి ముఖాలు సంతోషంగా ఉన్నాయి, కొన్ని తలుపులు మాత్రం తెరుచుకోలేదు. నాకు కావలసింది ఒక్కటే. రైళ్ళు మొదలైతే అమ్మ వస్తుంది.

రైళ్ళు మొదలయ్యాయి. బెజవాడ నుంచి వచ్చే మొదటి బండికి నాన్న నన్ను స్టేషనుకు తీసుకెళ్ళాడు. నా స్నేహితుల అమ్మలు దిగారు, వాళ్ళ చెల్లెళ్ళు దిగారు, ట్రంకుపెట్టెలు దిగాయి. ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యేదాకా ప్రతి పెట్టె తలుపు దగ్గరా నిలబడ్డాను. ఏలూరు నుంచి వచ్చిన ఒకాయన నాన్నను పక్కకు పిలిచి ఏదో చెప్పాడు. చెల్లికి ఒంట్లో బాగాలేదట, బాగా తగ్గేదాకా అమ్మ రాలేదట. ఇంటికి వస్తూ నాన్న నాకు ఒక సీతాఫలం కొనిచ్చాడు. నేను దాన్ని కాలవలో పారేశాను.

ఆ సాయంత్రం నాయనమ్మ ఎసరు పెట్టి నన్ను పిలిచింది. నేను గుప్పెడు తీశాను, కుండ మీద చెయ్యి ఉంచాను, తెరవలేదు. రోజూ అడిగాను, రోజూ ఇచ్చాను, నాకు ఇవ్వలేదు కనక ఇక నేనూ ఇవ్వను. ఇదీ నా లెక్క. ఆ బియ్యాన్ని మళ్ళీ వండే గిన్నెలోనే వేసేశాను. కానీ నాయనమ్మ అప్పుడప్పుడు కుండను ఎత్తి బరువు చూసుకునేది. అందుకని మర్నాటి నుంచి ఎసరు పెట్టే వేళకు ముందే పక్కింటి గోడవతలికి వెళ్ళేవాణ్ణి. వాళ్ళు గది కట్టుకోవాలని తెప్పించి, గొడవల వల్ల ఆపేసిన ఇసుక కుప్ప అక్కడ ఉంది. గుప్పెడు ఇసుక జేబులో వేసుకొచ్చి కుండలో వేసేవాణ్ణి. పైన కనబడకుండా ఎప్పుడైనా కాసిని బియ్యం చల్లేవాణ్ణి. కృతజ్ఞత మాత్రం నోటికొచ్చింది చెప్పేవాణ్ణి. ఇచ్చినదాన్ని మళ్ళీ తడమకూడదని నాయనమ్మ నియమం, అందుకని లోపల చెయ్యి పెట్టేది కాదు. కుండ ఎత్తి, "బరువుగానే ఉందిరా, ఈ కరువులో కూడా" అని సంతోషపడేది.

నన్ను చూసిన మనిషి ఒకరున్నారు. పక్కింటి అక్క. వాళ్ళది ఇక్కడే తరాలుగా స్థిరపడిన కుటుంబం. ఆమె బతుకమ్మకు గునుగు పువ్వు తెంపుకొచ్చి గుమ్మంలో రంగులద్దుతూ నన్ను పట్టుకుంది.

"ఏంరా, గా ఇసుక ఎటు తీస్కవోతున్నవ్?"

పూల కుండీకి అన్నాను.

"మీ ఇంట్ల పూల కుండీ ఏడుంది? నాకైతే ఎన్నడు కండ్లవడలే" అని నవ్వి, మళ్ళీ తన పువ్వులో పడిపోయింది.

మా చర్చిలో కోత పండుగ వచ్చింది. ఏటా వర్షాలయ్యాక వచ్చే కృతజ్ఞతల పండుగ అది. గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్ళు, గుడ్లు, ఎవరికి కలిగింది వాళ్ళు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. మా సంఘంలో దేవుడి బియ్యం చూసే పని ఎన్నో ఏళ్ళుగా నాయనమ్మది. ప్రతి శనివారం ఇంటింటికీ వెళ్ళి కుండల్లోని బియ్యం సంచిలో పోయించుకుని చర్చి గదిలో దాచేది. రోగులకూ విధవరాళ్ళకూ కొలిచి ఇచ్చేది. ఆ తిరుగుడులోనే ఆమెకు ఊరంతా తెలుసు, ఊరికి ఆమె తెలుసు. ఆ యేడు గొడవల మూలంగా తిరగడం కుదరక, ఎవరి కుండలు వాళ్ళ ఇళ్ళలోనే ఉంచి పండుగనాడు తెమ్మన్నారు. సైన్యం వచ్చాక జిల్లాల్లో జరిగిన దాడులకు తట్టుకోలేక కట్టుబట్టలతో వచ్చి, స్టేషనవతల పాత గోదాములో తలదాచుకుంటున్న కుటుంబాలకు ఆ బియ్యం ఇస్తామని పాస్టరు అయ్యగారు ముందే చెప్పారు.

అది విన్నప్పుడైనా నేను నోరు తెరవాల్సింది. తెరవలేదు.

చాప పరిచారు. ఒక్కొక్కరూ వచ్చి కుండ వంచారు. తెల్లటి కుప్ప మోకాలెత్తు లేచింది. పని చూసేది తనే కాబట్టి నాయనమ్మ చివర వెళ్ళింది. ఆమె కుండ వంచగానే ముందు కాసిని బియ్యం, ఆ వెనక ఇసుక, ధారగా ఆ కుప్ప మీద నుంచి అన్ని వైపులకీ జారింది. పాట పాడుతున్నవాళ్ళ గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

నాయనమ్మకు ఏమైందో అర్థం కాలేదు. వంగి చేత్తో తడిమింది. ఆ ఇసుకను వేళ్ళ మధ్య నలిపింది. అలా వంగే చాలాసేపు ఉండిపోయింది. సంఘపెద్ద ఒకాయన దగ్గరకొచ్చి ఇదేమిటమ్మా అని అడిగాడు. ఆమె నా వైపు తిరగలేదు.

"నా కళ్ళు పోయాయి బాబూ. కుండ మూత పెట్టకుండా ఇసుక దగ్గర ఉంచినట్టున్నాను. తప్పు నాదే."

"చూపు లేనప్పుడు ముందే చెప్పాలి కదమ్మా. ఇది పదిమంది నోటికాడి కూడు" అన్నాడాయన. గట్టిగా కూడా అనలేదు. ఆమె తల దించుకుంది. నేను ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చునే ఉన్నాను. లేవలేదు. ఆరాధన అయ్యాక పెద్దలు అక్కడే మాట్లాడుకుని, వచ్చే శనివారం నుంచి బియ్యం పని మరొకామె చూస్తుందన్నారు. నాయనమ్మ మెడలోంచి ఆ గది తాళంచెవి తీసి ఇచ్చేసింది.

ఆ బియ్యాన్ని ఏం చేయాలా అని పెద్దలు ఆలోచిస్తుంటే, మా ఇంటికి పంపండి, బాగుచేసి ఇస్తాను అంది. నీళ్ళలో గాలిస్తే ఇసుక పోయేదే, కానీ తడిసిన బియ్యాన్ని ఇంతమందికి పంచలేం. జల్లెడ పడితే సన్నటి ఇసుక రాలిపోయింది. బియ్యపు గింజంతేసి గులకలు మిగిలిపోయాయి. వాటిని చాటలో పోసుకుని ఒక్కొక్కటే ఏరాలి. మర్నాడు పొద్దున నాయనమ్మ నా ముందు ఒక చాట పెట్టింది. తను చెరుగుతుంది, నేను ఏరాలి. ఎందుకనో ఏమిటో చెప్పలేదు. చాట ఒకటి పూర్తయినప్పుడల్లా, గుప్పెడు వేసేటప్పటిలాగే, ఇవాళ చూసింది ఒకటి చెప్పమంది.

పక్కింటి అక్క తన చాట తెచ్చుకుని వచ్చి మాతోపాటు కూర్చుంది. కాసేపు ఏరి, "ఏందమ్మా గిన్ని రాళ్ళు? రేషన్ దుకాణపోడు సుత గిన్ని కలపడు" అంది. నాయనమ్మ నవ్వింది. అక్క నా వైపు చూసి, "మీ పూల కుండీ మంచిగున్నదారా?" అని నెమ్మదిగా అడిగింది. నేను తలెత్తలేదు. ఆమె కూడా ఇంక ఆ మాట ఎత్తలేదు. మధ్యాహ్నం వంట ఉందని వెళ్ళిపోయింది.

మేమిద్దరమే మిగిలాం. చాట తర్వాత చాట. మొదట్లో నేను చెప్పేవి తొందర మాటలు. కాకి అరిచింది, ఎండ వచ్చింది. కానీ గులకలు ఏరాలంటే గింజ గింజనూ చూడక తప్పదు. అలా చూడగా చూడగా నా కళ్ళు నిదానించాయి. ఏ గింజ కొన విరిగిందో, ఏ గింజ మీద పొర మిగిలిందో కనబడడం మొదలైంది. నాయనమ్మ చేతులూ కనబడ్డాయి. చెరుగుతూ ఆమె బియ్యాన్ని చూడడం లేదు. చెవి ఒగ్గి వింటోంది. అప్పుడు తట్టింది నాకు. చాలాకాలంగా ఆమె కృతజ్ఞత చెప్పేవన్నీ చప్పుళ్ళు, వాసనలు, చేతికి తగిలే చల్లదనాలు. చూసినది ఒక్కటీ లేదు.

ఆ చాట పూర్తయింది. "చెప్పు" అంది.

చేతిలోని గులకను నేల మీద పెట్టాను. చివరికి అన్నాను: "నిన్న చర్చిలో నువ్వు తల దించుకున్నావు. నేను చూశాను."

"అది నిన్నటిది."

"ఇవాళ కూడా కనబడుతూనే ఉంది. ఇసుక నేనే పోశాను నాయనమ్మా. అమ్మ రాలేదని."

చాట చప్పుడు ఆగిపోయింది. నన్ను దగ్గరకు తీసుకోలేదు, కొట్టలేదు.

"దేవుడి మీద కోపం వచ్చిందా?"

ఊఁ అన్నాను.

"కోపం వస్తే ఆయనతో అనాలిరా. నేను రోజూ అంటూనే ఉన్నాను. పసిదాన్ని మంచాన పడేశావు, నా కోడల్ని అక్కడ ఆపేశావు, ఇదేం పద్ధతి అని అడుగుతూనే ఉన్నాను. గుప్పెడు వేసేటప్పుడు చెప్పేది వేరు, అడిగేది వేరు. నువ్వు రెండూ కలిపేశావు." "ఈ బియ్యం తినేది ఆయన కాదు కదా నాన్నా" అంది.

నేను ఏడ్చాను. ఏడుపు అయ్యేదాకా ఆగి, చాటలో మళ్ళీ బియ్యం పోసింది. "నాకు చెప్పావు, సరే. నిన్న చర్చిలో నా మాట విన్నవాళ్ళ సంగతేమిటి?" అంది. జవాబు అడగలేదు, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

బియ్యం అంతా బాగయ్యాక నాన్న ఒక బండి మాట్లాడి గోదాముకు చేర్చాడు. మేమూ వెళ్ళాం. అక్కడ గోనెపట్టాలు అడ్డం కట్టుకుని కుటుంబాలు ఉంటున్నాయి. పిల్లలు ఆడుకోవడం లేదు, ఊరికే కూర్చుని ఉన్నారు. ఒకామె కొంగు పట్టి బియ్యం పోయించుకుంది. చెయ్యి పెట్టి గింజల్ని వేళ్ళ సందుల్లోంచి జారవిడిచి చూసింది. ఆమె ఏ ఊరినుంచి వచ్చిందో, ఎవరిని పోగొట్టుకుందో నాయనమ్మ అడగలేదు.

"ఒక్క రాయి సుత లేదు" అందామె. "గిట్ల సాఫ్ చేసి ఎవలిస్తరమ్మా? మా ఇంట్ల నేను గిట్లనే ఏరేదాన్ని."

మా మనవడు ఏరాడని నాయనమ్మ చెప్పింది. బియ్యం తీసుకున్నామె నా తల మీద చెయ్యి పెట్టింది. ఏదో దీవించింది, ఉర్దూలో. ఆ చేతి కింద నిలబడడం కంటే నన్ను ఎవరైనా కొట్టి ఉంటే బాగుండుననిపించింది.

తర్వాతి ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. దేవుడు తమకు చేసిన మేలును పెద్దవాళ్ళు లేచి చెప్పుకునే సమయం అది. పిల్లలు లేవరు. నేను లేచాను. ఏమేం చెప్పాలనుకున్నానో అన్నీ మరిచిపోయి, "ఇసుక పోసింది నేను. మా నాయనమ్మ కాదు" అని మాత్రం అని కూర్చుండిపోయాను. ఆ రోజు ఆమెను అడిగిన సంఘపెద్ద లేచి వెళ్ళి ఆమె ముందు నిలబడి క్షమించమన్నాడు. తాళంచెవి మళ్ళీ ఆమె చేతికివ్వబోయాడు.

నాయనమ్మ తీసుకోలేదు.

ఇంటికొస్తూ దారిలో ఎందుకు తీసుకోలేదని అడిగాను. "కుండ మూత మాట అబద్ధం. దానికి నేను దేవుణ్ణి వేరే క్షమాపణ అడుక్కున్నాను. కళ్ళ మాట నిజమేరా. రెండేళ్ళుగా పొర కమ్ముతోంది. తెలిస్తే పని తీసేస్తారని ఎవరికీ చెప్పలేదు. అలవాటు మీద నడుస్తున్నాను, అలవాటు మీదే కొలుస్తున్నాను. నిన్ను కాయబోయి నేనే చెప్పేసుకున్నాను." అని నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. నేను ఒప్పుకుంటే అంతా ఎప్పటిలా అయిపోతుందనుకున్నాను. ఆమె దాచుకున్న చివరి సంగతి నా వల్ల పదిమందిలో పడింది. దాన్ని వెనక్కి ఇవ్వడం నా చేతిలో లేదు.

నా చేతిలో ఉన్నది ఒకటే. ఆ కొత్తామెను అడిగాను, శనివారాలు మేం కూడా మీతో వస్తామని. ఆమె మంచిది, సరేనంది. సంచి నేను మోసేవాణ్ణి. నాయనమ్మ నా ఎడమ భుజం మీద చెయ్యి వేసి నడిచేది. డిసెంబరులో అమ్మ చెల్లిని తీసుకుని వచ్చేసింది, బడి తెరిచారు, స్నేహితులు వచ్చారు. అయినా ఒక్క శనివారం మానలేదు. దారిలో నాయనమ్మ, ఏం కనబడుతోందిరా అని అడిగేది. ఏముంది, రోడ్డు అనేవాణ్ణి. ఆమె అక్కడే ఆగిపోయేది. "రోడ్డు సంగతి నాకూ తెలుసు. దాని మీద ఏముందో చెప్పు" అనేది. చెప్పేదాకా కదిలేది కాదు. అలా చెప్పీ చెప్పీ, నేను మెట్రిక్ పాసయ్యేనాటికి, ఆమె పోయేనాటికి, చూడడం అలవాటైంది.

నేనిప్పుడు అల్వాల్‌లో ఒక్కణ్ణే ఉంటున్నాను. నా భార్య పోయి చాలాకాలమైంది. పొద్దున నడకకు వెళ్ళినప్పుడు కనబడ్డవి పైకే చెప్పుకుంటూ నడుస్తాను. పాలవాడి బండి చక్రానికి చిక్కుకున్న దారం, మెట్ల మీద ఎండకు వీపు పెట్టిన పిల్లి, వాన నీళ్ళు ఎండిపోయాక మిగిలిన అంచు. ఎదురొచ్చేవాళ్ళు ముసలాయనకు మతి చెడిందని పక్కకు తప్పుకుంటారు. వాళ్ళకేమీ చెప్పను. ఎడమ వైపుకు కాస్త తల తిప్పి, నాయనమ్మకు వినబడేంత నిదానంగా, చెబుతూనే వెళతాను.